మేక నిలబడినా ఆగే పడవ

జూన్ 3, బుధవారం

పొద్దున పోటుకు నీళ్లు ఆరో మెట్టు దాకా వచ్చి పోయాయి. మెట్ల మీది బురద కడిగి, కప్పెక్కి సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, టీ కప్పుతో కంప్యూటరు ముందు కూచునేసరికి ఎనిమిదైంది. నిన్న మొత్తం నాలుగు వందల పన్నెండు పిలుపులు, మూడు ఫిర్యాదులు. మూడూ ఏడో లంకలో ఉండే నాంచారమ్మ మామ్మ పంపినవే. పడవలో బల్ల మరీ ఎత్తుగా ఉందని ఒకటి, పడవ కూత చెవులు చిల్లులు పొడుస్తోందని ఒకటి. మూడోది ఫిర్యాదు కాదు. నా కోసం పీతల పచ్చడి సీసా మూడో నంబరు పడవలో పెట్టి పంపాననీ, దించుకోవడం మరిచిపోవద్దనీ.

నేను నడిపే యాప్ పేరు రేవు. మా పదకొండు లంకల మధ్య నాలుగు పడవలు తిరుగుతాయి. వాటిలో నడిపేవాళ్లెవరూ ఉండరు. పెద్ద రేవు పక్కనున్న షెడ్డులో కూచుని సరంగు జెకర్యా బాబాయి నాలుగింటినీ తెర మీద నాలుగు చుక్కలుగా కనిపెట్టుకుని ఉంటాడు. ఎవరైనా రేవులో నిలబడి ఫోనులో 'ఇక్కడున్నాను' అని నొక్కితే పడవ అక్కడ ఆగుతుంది. నొక్కకపోతే ఆగదు. అన్ని రేవుల్లోనూ ఆగుతూ పోతే ఆటు మొదలయ్యేలోపు తిరిగి రాలేక బురదలో కూరుకుపోతుంది. తొమ్మిదేళ్ల క్రితం ఆ యాప్ ఒక్కదాన్నే కూచుని రాశాను. ఇప్పటికీ ఒక్కదాన్నే చూసుకుంటున్నాను.

ఈ రోజు యాప్ స్టోరు నుంచి ఉత్తరం వచ్చింది. జూలై ఒకటి నుంచి వయో నిర్ధారణ చట్టం అమలవుతుందట. ప్రతి యాపూ తెరుచుకునే ముందే తనను తెరుస్తున్న మనిషి పదమూడు లోపా, పద్దెనిమిది లోపా, పెద్దవారా అన్నది తేల్చుకోవాలి. పదమూడు లోపైతే అమ్మో నాన్నో ముఖం చూపించి అనుమతివ్వాలి, అదీ నెలనెలా. తప్పు మనిషిని లోపలికి పంపితే బాధ్యత యాప్ రాసినవాళ్లదే. గడువులోగా చేయకపోతే యాప్‌ని స్టోరులోంచి తీసేస్తారు.

ఆ చట్టం ఊరికే రాలేదు. రెండేళ్ల క్రితం ఒక ఆటల యాప్ పిల్లల్ని బుజ్జగించి, వాళ్లెక్కడ ఉన్నారో చెప్పించుకుని ఆ వివరాలు ఎవరెవరికో చేరవేసింది. అప్పుడు చట్టం కావాలని సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉత్తరం రెండుసార్లు చదివాక ఆ సంగతి గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

జూన్ 9, మంగళవారం

ప్రభుత్వం వాళ్లు ఉచితంగా ఇచ్చిన 'వయో గడప'ని రేవులో కలిపాను. కెమెరాలోకి ఒకసారి చూస్తే చాలు, అదే వయసు అంచనా కట్టి చెబుతుంది. అతికించడం తేలికే, ఒక పూట పని. ఆ తర్వాత ఫోను పట్టుకుని మనుషుల మీద పరీక్షించడానికి బయల్దేరాను.

జెకర్యా బాబాయిని చూసి ఎనభై రెండన్నది. ఆయనకు యాభై ఎనిమిది. ఆయన సాయంత్రానికల్లా గడ్డం నున్నగా గీయించుకుని వచ్చి మళ్లీ చూడమన్నాడు. ఈసారి డెబ్బై తొమ్మిది. అది కూడా పెద్దవారి లెక్కలోకే వస్తుంది కాబట్టి యాప్‌కి ఇబ్బంది లేదు. ఇబ్బంది పడ్డది బాబాయే.

అసలు చిక్కు నాంచారమ్మ మామ్మ దగ్గర వచ్చింది. ఆవిడకు డెబ్బై ఒకటి. నాలుగడుగుల రెండంగుళాల మనిషి. కొబ్బరినూనె రాసుకుని నిగనిగలాడే గుండ్రటి ముఖం, ఉప్పుగాలికి జుట్టు చింపిరి కాకుండా రెండు జడలు. గడప ఆవిడను చూసి పన్నెండు అంది. మామ్మ ఆ ఫోను తీసుకుని లంకంతా తిరిగి అందరికీ చూపించింది. నేను సరిచేస్తానంటే వద్దంది, ఉండనీ అంది. తీరా పడవ పిలవబోతే అమ్మగారి ముఖం చూపించమని అడిగింది.

"మా అమ్మ పోయి ముప్పయ్యేళ్లయిందని దీనికి నువ్వు చెప్పవే సువర్ణా, నా మాట ఇనట్లేదు" అంది.

సరిచేయించాలంటే పుట్టిన కాగితం పట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్లాలి. మామ్మ పుట్టిన ఊరు ఇప్పుడు సముద్రంలో ఉంది. కాగితం కూడా అక్కడే ఉంటుంది.

జూన్ 12, శుక్రవారం

యాప్‌లు రాసేవాళ్ల గుంపులో ఇదే గొడవ. ఒకాయన పదిహేనేళ్లుగా నడుపుతున్న పొడుపుకథల యాప్ మూసేస్తున్నానని రాశాడు. వంకాయ కూర ఎలా వండాలో చెప్పే యాప్ కూడా వయసు అడగాల్సిందేనా అని ఇంకొకావిడ అడిగింది. అడగాల్సిందేనట.

మా లెక్క చూసుకున్నాను. రేవు వాడేవాళ్లలో పదమూడు లోపు పిల్లలు రెండు వందల పద్నాలుగు మంది. సోమవారం బడి తెరుస్తారు. అనుమతులు పంపమని అందరి ఇళ్లకూ కబురు పెట్టాను. వచ్చినవి అరవై ఒకటి. మిగతా అమ్మానాన్నలు సముద్రం మీద పీతల పంజరాల దగ్గర ఉన్నారు. ఒకసారి వెళ్తే రెండు వారాలు తిరిగి రారు. అక్కడ రేడియో తప్ప ఫోను పనిచేయదు.

జూలై ఒకటిన ఒక్కసారిగా మీద పడేకంటే ముందే అలవాటు చేస్తే మంచిదనిపించింది. సోమవారం నుంచే గడపని మొదలుపెడతానని బడికి చెప్పాను. హెడ్మిస్ట్రెస్ షంషాద్ గారు సరేనన్నారు గానీ, ఆ సరేలో నమ్మకం లేదు.

జూన్ 16, మంగళవారం

నిన్న అనుమతి లేని పిల్లల్లో కొందరు పెద్దవాళ్లతో కలిసి పడవెక్కి వచ్చారు, డెబ్బై మంది మాత్రం బడికి రాలేదు. ఈ రోజు కొంత నయం. ఏడో రేవు నుంచి ఎవరో కొత్త పెద్దమనిషి పడవని పిలిచినట్టు నమోదైంది. గడప నాకు ముఖం చూపించదు, పెద్దవారు అని మాత్రమే చెబుతుంది. ఆ లంకలో ఇప్పుడు నాంచారమ్మ మామ్మ తప్ప పెద్దవాళ్లెవరూ లేరు కదా, పంజరాల నుంచి ఎవరైనా ముందే వచ్చారేమో అనుకున్నాను.

మధ్యాహ్నం షంషాద్ గారు ఫోను చేశారు. నాలుగో తరగతి కెజియా ఈ రోజు బడికి మీసాలతో వచ్చిందట. పొయ్యిబొగ్గుతో దిద్దుకుందట, కొనలు మెలితిప్పి మరీ. ఆ మీసంతో ఫోనులోకి చూసి, తన లంక పిల్లలు నలుగురినీ కూడా పడవెక్కించి తెచ్చింది. చట్టప్రకారం ఇది నేను వెంటనే కనిపెట్టి ఆపాల్సిన మోసం. నేను చాలాసేపు నవ్వాను. తొమ్మిదేళ్ల పిల్ల పెద్దది, డెబ్బై ఒక్కేళ్ల మామ్మ చిన్నది. రేపు చూద్దాంలే అనుకుని వదిలేశాను.

జూన్ 17, బుధవారం

వదిలేయకుండా ఉండాల్సింది.

పొద్దున్నుంచీ వాన. నేను అనుమతుల పేజీలో ఒక తప్పు సరిచేస్తూ కూచున్నాను. పది గంటలకు నమోదులు తెరిచి చూస్తే ఏడో రేవు నుంచి ముప్పై ఎనిమిది సార్లు పిలుపు వచ్చి, ముప్పై ఎనిమిది సార్లూ గడప దగ్గర ఆగిపోయింది. మొదటిది ఎనిమిదింటికి. ఎనిమిదీ పదికి ఒక పడవ, తొమ్మిదీ యాభైకి ఇంకో పడవ ఆ రేవు ముందు నుంచే వెళ్లిపోయాయి. పిలుపు అందలేదు కాబట్టి బాబాయి తెర మీద కూడా ఏమీ కనిపించలేదు. ఫిర్యాదుల పేజీ కూడా గడప లోపలే ఉంది.

నా దోనె విప్పుకుని బయల్దేరాను. ఇరవై నిమిషాలు పట్టింది. రేవు మీద పైకప్పు లేదు. ఐదుగురు పిల్లలూ మామ్మా ఒక్క గొడుగు కింద ఒకరినొకరు అదుముకుని నిలబడి ఉన్నారు. మామ్మ చెంగు ఇద్దరు చిన్నపిల్లల తలల మీద ఉంది, ఆవిడ తల మాత్రం తడుస్తోంది. కెజియా గడ్డం నిండా నల్లటి చారలు.

"వానకి మీసం కారిపోయిందక్కా" అంది. నేను తిడతానని భయపడుతోందని అప్పుడు అర్థమైంది.

ఇళ్లకు ఎందుకు వెళ్లిపోలేదని అడిగాను. నీళ్లు పెరిగి వెనకనున్న దారి మునిగిందట. మామ్మ తన ఫోను నా చేతిలో పెట్టింది.

"ఈళ్లమ్మల్ని తెమ్మంటంది, మా అమ్మని తెమ్మంటంది. ఇంతమంది అమ్మల్ని ఎక్కణ్ణుంచి తేనే?"

మామూలుగా అయితే ఆ మాటకు నవ్వేదాన్ని. పిల్లల్ని దోనెలోకి ఎక్కించుకుంటున్నప్పుడు అందరికంటే చిన్నవాడి చెయ్యి తగిలింది. మంచులా ఉంది. వాణ్ణి నా ఒళ్లో కూచోబెట్టుకుని దోనె నడిపాను.

ఇంటికి రాగానే గడపని తీసేశాను. జూలై ఒకటి దాకా తీసేసి ఉంచవచ్చు. ఆ తర్వాత కుదరదు.

జూన్ 18, గురువారం

చిన్నవాడికి రాత్రి జ్వరం వచ్చి పొద్దున్నకు తగ్గిందని షంషాద్ గారు చెప్పడానికి స్వయంగా వచ్చారు. ఆవిడ ముప్పయ్యేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నారు. నన్ను కూడా ఎనిమిదో తరగతిలో లెక్కల్లో ఒకసారి తప్పించారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. టీ తాగుతూ నేను చెప్పినదంతా విన్నారు. పిల్లల ముఖాలన్నీ నేనే తీసుకుని దాచి, అమ్మానాన్నలు తిరిగొచ్చినప్పుడు ఒకేసారి అనుమతులు రాయించుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. నెలనెలా మళ్లీ అదే పని, పైగా రెండు వందల పద్నాలుగు పసి ముఖాలు నా ఇంట్లో కంప్యూటరులో.

ఆవిడ ఒక ప్రశ్న అడిగారు.

"పడవ ఆగాలంటే దానికి ఏం తెలియాలి సువర్ణా?"

ఎవరు పిలిచారో తెలియాలన్నాను. ఎందుకన్నారు. ఎక్కడికి వెళ్లాలో తెలియాలన్నాను. అది ఎక్కాక వాళ్లే నొక్కుకుంటారుగా అన్నారు. నేను ఇంకా రెండు మూడు కారణాలు చెప్పాను. చెబుతున్నకొద్దీ, తప్పు లెక్క చేసిన పలక ఆవిడ ముందు పట్టుకుని నిలబడినట్టు అనిపించింది.

రేవులో ఎవరో ఒకరు నిలబడి ఉన్నారని తెలిస్తే చాలు. అంతకుమించి పడవకు అక్కర్లేదు.

జూన్ 20, శనివారం

మరి ఇన్నేళ్లూ అంతకుమించి ఎందుకు దాచాను? చూద్దామని పాత నమోదులు తెరిచాను. తొమ్మిదేళ్లవీ ఉన్నాయి. కావాలని దాచలేదు, చెరిపేయాలని తోచలేదు, అంతే. యాప్‌లు రాసేవాళ్లం అందరం చేసే పనే అది.

కెజియా పేరు కొట్టాను. ఆ పిల్ల ఏ రోజు ఎన్నింటికి ఏ రేవులో నిలబడిందో వరసగా వచ్చేసింది. శనివారాల్లో తొమ్మిదో లంకలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్తుంది. సాయంత్రం ఐదున్నరకు అక్కణ్ణుంచి ఒంటరిగా తిరిగొస్తుంది. ఆ వేళకు ఆ రేవులో ఇంకెవరూ ఉండరు. ఇదంతా నాకు తెలుసు. నాకు తెలుసంటే, నా తాళం పగలగొట్టినవాడికి కూడా తెలుస్తుంది.

రెండేళ్ల క్రితం ఆ ఆటల యాప్ వాళ్ల మీద నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. వాళ్ల దగ్గర ఉన్న వివరాలూ ఇవే. వాళ్లు చేరవేశారు, నేను చేరవేయలేదు. మధ్యలో ఉన్న తేడా నా మంచితనం ఒక్కటే. అది ఏ కాగితం మీదా లేదు.

బాబాయిని పిలిచి చూపించాను. ఆయన తన పేరు కొట్టమన్నాడు. తన రాకపోకలు చూసుకుని, ఈ సంగతులు తన భార్యకు తెలియక్కర్లేదన్నాడు. చెరిపేస్తున్నానని చెప్పాను. తొమ్మిదేళ్లవి చెరపడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పుట్టినరోజుల పట్టీ కూడా పోయింది. ఆ రోజున పడవెక్కినవాళ్లకు పాట వినిపించేది. దాన్ని చెరుపుతున్నప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆగింది.

జూన్ 23, మంగళవారం

మూతబడ్డ రొయ్యల వేలం షెడ్డులో పాత కాటాలు పన్నెండు పడి ఉన్నాయి. నేల మీద పరిచే రకం, మనిషి ఎక్కి నిలబడేంత పెద్దవి. బాబాయీ నేనూ రెండు రోజులుగా వాటి తుప్పు గోకుతున్నాం. ఒకటి పనికిరాలేదు. పదకొండు పనిచేశాయి. సరిగ్గా మాకు కావలసినన్ని.

ఆలోచన ఇంతే. ప్రతి రేవులోనూ నేల మీద ఒక కాటా. దాని మీద అర నిమిషం ఎవరైనా నిలబడితే స్తంభం మీద పచ్చదీపం వెలుగుతుంది, పడవకు పిలుపు వెళుతుంది. ఫోను అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. యాప్‌లో ఇక మిగిలేది ఏ పడవ ఎక్కడుందో చూపించే బొమ్మ ఒక్కటే. దాన్ని ఎవరైనా చూడొచ్చు, అది ఎవరినీ చూడదు.

పాత పడవ చెక్కలతో బాబాయి కాటాలకు అంచులు కొడుతున్నాడు. గడప తనకు ఎనభై రెండేళ్లు కట్టిన దగ్గర్నుంచి బరువులన్నీ తానే ఎత్తుతున్నాడు, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

ఈ పద్ధతి చట్టానికి సరిపోతుందో లేదో చెప్పమని జిల్లా ఆఫీసుకి రాశాను. శుక్రవారం అధికారి వస్తారని జవాబొచ్చింది.

జూన్ 25, గురువారం

మేకలు.

కాటాలు ఎండకు వెచ్చగా, బురద లేకుండా ఉంటాయి. నాలుగో రేవులో ఒక మేక పొద్దున ఎక్కి గంటన్నరసేపు దిగలేదు. ఆ గంటన్నరలో మూడు పడవలు దాని ముందు ఆగి, తలుపులు తెరిచి, కాసేపు చూసి వెళ్లిపోయాయి. మూడోసారి అది పడవెక్కింది. పెద్ద రేవులో దిగింది.

ఇంత బరువుంటేనే పిలుపు వెళ్లాలని ఒక హద్దు పెడదామనుకుని బరువులు తూచాను. ఆ మేక ఇరవై నాలుగు కిలోలు. ఒకటో తరగతిలో అందరికంటే చిన్న పిల్ల, పుస్తకాల సంచీతో కలిపి, పదహారు. మేకని ఆపే హద్దు ఆ పిల్లని కూడా ఆపుతుంది. కాళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఉపాయం ఒకటి తోచింది. దానికి కెమెరా పెట్టాలి. కెమెరా పెడితే మళ్లీ ముఖాలు వస్తాయి, ముఖాలు వస్తే గడప వస్తుంది.

మేక కోసం ఆగితే ఎంత నష్టమని బాబాయిని అడిగాను. ఆగినప్పుడల్లా ఒకటిన్నర నిమిషం అన్నాడు. ఒక్కో విడతలో ఆరుసార్ల దాకా దండగ ఆగినా పోటు దాటకుండా వచ్చేయొచ్చట. మా లంకల్లో మేకలు ఎన్ని ఉన్నాయో ఇద్దరం కూచుని వేళ్ల మీద లెక్కపెట్టాం. అన్నీ ఒకేసారి పడవెక్కాలని పట్టుబడితే తప్ప ఆరు దాటదు.

హద్దు తీసేశాను.

జూన్ 26, శుక్రవారం

అధికారి పేరు పురుషోత్తం గారు. నా వయసే ఉంటుంది. చెప్పిన వేళకు రాలేదు. తర్వాత తెలిసింది, ఆయన రెండో రేవులో నిలబడి ఫోనులో పడవని పిలిచే గుర్తు కోసం పావుగంట వెతికారట. చివరికి ఎవరో పాప, కాటా ఎక్కి నిలబడండి సార్ అని చెప్పిందట. ఆ సంగతి ఆయనే చెప్పారు. కోపంగా ఏమీ లేరు. బూట్లకు బురద అంటి ఉంది.

షెడ్డులో బాబాయి కుర్చీలో కూచుని ఫారం తీశారు. నలభై రెండు గళ్లు ఉన్నాయి. వాడేవారి సంఖ్య అనే గడిలో తెలియదు అని రాయమన్నాను. పదమూడు లోపువారి సంఖ్య, తెలియదు. వారి పేర్లు, ముఖాలు, చిరునామాలు ఎక్కడ దాస్తారు అనే గళ్లన్నిటిలో, లేవు. ఆయన రాసుకుంటూ పోయారు. మధ్యలో కలం ఆపి, తన బల్ల మీద నాలుగు వేల యాప్‌ల దరఖాస్తులున్నాయనీ, అందరూ వయసు అడగకుండా ఉండడానికి మినహాయింపు కోరుతున్నవాళ్లేననీ, మిగతా వివరాలన్నీ మాత్రం అడుగుతూనే ఉంటామంటున్నారనీ చెప్పారు.

తర్వాత తెర మీద చుక్కల్ని చూశారు. ఆరో రేవు దగ్గర పచ్చదీపం వెలిగింది.

"ఇప్పుడు అక్కడ నిలబడింది ఎవరండీ?"

"తెలియదండి."

"పిల్లలా, పెద్దవాళ్లా?"

"తెలియదండి."

"అసలు మనిషేనా?"

నేను బాబాయి వంక చూశాను. బాబాయి కిటికీ వంక చూశాడు. అబద్ధం చెప్పడానికి అది మంచి అవకాశం.

"మేక కూడా అయ్యుండొచ్చండి. మేక నిలబడినా మా పడవ ఆగుతుంది. ఆపకుండా చేద్దామని చూశాను. చేస్తే ఒకటో తరగతి పిల్లకి కూడా ఆగదు. పిల్లని ఎండలో వదిలేసే కంటే మేకని ఎక్కించుకోవడమే నయమనిపించింది."

ఆయన ఆ మాట మొత్తం రాసుకున్నారు. ఫారంలో అన్ని మాటలకు చోటు లేక అంచు వెంట నిలువుగా రాశారు. నిర్ణయం తన ఒక్కరి చేతిలో లేదనీ, పై వాళ్లకు పంపుతాననీ చెప్పి లేచారు. బాబాయి ఆయన్ని రేవు దాకా సాగనంపి, తిరిగొచ్చి, మనిషి మంచివాడే, ఫారం సంగతే తెలియదన్నాడు.

జూన్ 29, సోమవారం

జవాబు లేదు. రేపు సాయంత్రంలోగా రాకపోతే రేవుని స్టోరులోంచి తీసేస్తారు. కాటాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. కానీ అనుమతి లేకుండా పడవలకు పిలుపులు పంపడం కూడా తప్పేనని బాబాయికి భయం. సరంగు పత్రం ఆయన పేరు మీద ఉంది. పోతే పోనీ అని ఆయన అన్నాడు గానీ ఆ మాట రెండుసార్లు అన్నాడు.

నాంచారమ్మ మామ్మ ఇంకో పచ్చడి సీసా పంపింది. అధికారికి ఇవ్వమని. ఆయన వెళ్లిపోయారని చెబితే, అయితే నువ్వే తిను అని కబురు పెట్టింది.

జూన్ 30, మంగళవారం

మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీ అంతా సెక్షన్లు. రెండో పేజీలో, రేవు అనే సేవ తనను వాడేవారి గురించి ఏమీ అడగదు, ఏమీ దాచదు కనుక దీన్ని వీధి దీపం, వంతెన, కుళాయి మొదలైన వాటితో సమానంగా భావించి, వయో నిర్ధారణ అవసరం లేదని తేల్చడమైనది అని ఉంది. కింద పురుషోత్తం గారి సంతకం. సంతకం కింద చేత్తో రాసిన ఒక వరస: కాటా బొమ్మలు పంపగలరా, ఇంకో మూడు తాలూకాల వాళ్లు అడుగుతున్నారు.

గట్టిగా చదివి వినిపించాను. బాబాయి కుళాయి అన్న దగ్గర మళ్లీ చదవమన్నాడు. తొమ్మిదేళ్లు కష్టపడి కుళాయిని చేశావు అన్నాడు. షంషాద్ గారికి ఫోను చేస్తే ఆవిడ బడిలో అందరికీ వినపడేలా మైకులో చెప్పారట. మూసేసిన పొడుపుకథల యాప్ ఆయనకు కూడా రాశాను. ఆయన పొడుపుకథలకు వాడేవాళ్ల పేర్లు ఎందుకు, పుట్టిన తేదీ ఎందుకు అని అడిగాను. ఎందుకో తనకూ గుర్తులేదని జవాబిచ్చాడు.

జూలై 1, బుధవారం

ఏడున్నరకు పని మొదలుపెడదామని కూచున్నాను. తెర మీద పచ్చదీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. మూడో రేవు, ఏడో రేవు, మళ్లీ మూడో రేవు. ఎవరు నిలబడ్డారో, ఎంతమంది ఎక్కారో తెలుసుకునే దారి లేదు. పిల్లలు బడికి చేరుతున్నారా లేదా అన్నది నాకు తెలియాలంటే ఒక్కటే మార్గం.

చెప్పులేసుకుని మా వీధి చివర రేవుకి వెళ్లి కాటా ఎక్కాను. దీపం వెలిగింది. పడవ వచ్చి ఆగింది. అందులో బల్లలన్నీ నిండిపోయి పిల్లలు నడవలో కూడా నిలబడి ఉన్నారు. ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటున్నారు. ఈ యాప్ రాశాక బడి వేళ పడవెక్కడం ఇదే మొదటిసారి. ఇంత చప్పుడు ఉంటుందని నాకు తెలియదు.

కిటికీ పక్కన ఒక పిల్లవాడు సంచీ ఒళ్లో పెట్టుకుని జరిగి నాకు చోటిచ్చాడు. కూచున్నాను. వాడు నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"నీకెన్నేళ్లు?" అన్నాడు.

"నలభై ఒకటి."

వాడు తలూపాడు. నమ్మినట్టే ఉంది, రుజువు అడగలేదు.

"నాకు ఆరు. మొన్న ఆదివారమే వచ్చాయి" అని, ఐదు వేళ్లు చూపించి, ఆరోది రెండో చేతి మీద వెతుక్కున్నాడు.

మొన్న ఆదివారం వాడికి పడవలో పాట వినిపించి ఉండదు. ఉన్నంతలో గొంతు తగ్గించి నేనే పాడాను. వెనక బల్ల వాళ్లు అందుకున్నారు, తర్వాత పడవంతా అందుకుంది. పాట అయ్యేసరికి బడి రేవు వచ్చింది, అందరూ దిగిపోయారు. వాడి పేరు దిగేటప్పుడు చెప్పాడు. ఇక్కడ రాయడం లేదు.

ఖాళీ పడవలో తిరిగొస్తుంటే నాలుగో రేవులో ఆగింది. మేక ఎక్కింది.